కామాఠీపుర గోడల మీద యుద్ధం

కామాఠీపుర నుంచి భాయఖలా ఫైర్ బ్రిగేడ్ ఆఫీసుకు ఇరవై నిమిషాల నడక. బెలాసిస్ రోడ్డు మీదికెళ్లి నాగ్‌పాడా నాకాకు వచ్చి క్లేర్ రోడ్డు పట్టుకుంటే చాలు, ఎవరినీ అడిగే పని లేదు. నా మోకాళ్లకు ఇప్పుడు అర్ధగంట దాటుతున్నది. అయినా ఏటా ఏప్రిల్ 14న ఈ దారి నడుస్తాను. ఆ రోజు మన చాళ్ల దగ్గర, వర్లీ బీడీడీలో, నాయ్‌గావ్‌లో ఎక్కడ చూసినా బాబాసాహెబ్ అంబేడ్కర్ జయంతి బ్యానర్లే, నీలి జెండాలే. ఆ సంబరంలో ఇంకొక చిన్న పోస్టరు ఎవరి కంటికీ ఆనదు. అది ఫైర్ బ్రిగేడ్ వాళ్లది. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవం, గ్యాసు జాగ్రత్త, కరెంటు వైర్లు జాగ్రత్త అని ఉంటది. ఆ తారీఖే ఎందుకు పెట్టుకున్నరని మా గల్లీ పిల్లలను అడిగితే ఒక్కడూ చెప్పలేదు. దేశమంతా జరుపుకునే ఆ వారోత్సవం మన ముంబై డాక్‌లోనే పుట్టింది.

1944 ఏప్రిల్ 14, శుక్రవారం. విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ ఆగి ఉంది. ఇంగ్లండు నుంచి కరాచీ మీదుగా రెండు రోజుల ముందే వచ్చింది. దాని కడుపులో సుమారు 1,400 టన్నుల మందుగుండు, యుద్ధ విమానాలు, పెట్టెల్లో బంగారు కడ్డీలు. ఇవి చాలవన్నట్టు కరాచీలో వేల బేళ్ల పత్తి, నూనె పీపాలు, కట్టె, ఇనుప తుక్కు ఎక్కించారు. ఇట్లా కలిపి ఎక్కించొద్దని కప్తాను అడ్డం చెప్పాడు. యుద్ధకాలం, ఓడలు దొరకవు, పోవాల్సిందే అన్నారు.

మిల్లులో పనిచేసినోళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. నూనె తాగిన పత్తి తనకు తానే వేడెక్కుతది. మా సాంచాఖాతాలో నూనె తుడిచిన పీలికలను మూలకు కుప్ప పెడితే జాబరు ఊరుకునేటోడు కాదు, వెంటనే ఇనుప డబ్బాలో వేసి బయటికి పంపాలె. బిగించి కట్టిన బేలు లోపల అంటుకుంటే ఇంకా కష్టం. పైన ఎన్ని నీళ్లు పోసినా లోపల రగులుతూనే ఉంటది. ఆ ఓడలో అదే జరిగింది. మధ్యాహ్నం పొగ కనపడింది. ఫైర్ ఇంజన్లు వచ్చాయి, పైపులు వేసి నీళ్లు కొట్టారు. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది. అర్ధగంట తిరగక ముందే రెండోసారి పేలింది, మొదటిదానికన్నా పెద్దగా.

మా నాయినకు అప్పుడు ఇరవై రెండేండ్లు. పరేల్ వైపు ఒక మిల్లులో పగటి పాళీలో ఉన్నడు. సాంచాల మోతలో పక్కన పిడుగు పడ్డా వినపడదు. అసుంటిది ఆ రోజు కిటికీల అద్దాలు పగిలి బట్ట మీద పడ్డయని చెప్పేటోడు. అందరూ ఒకటే మాట అన్నరట: "జపానోడు వచ్చిండు." అట్లా అనుకోవడంలో తప్పు లేదు. రెండేండ్ల కింద, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేసినయి. ఆ భయం ఇక్కడి తెలుగోళ్లలో ఇంకా పోలేదు. నాయిన ఉరుక్కుంట కామాఠీపురకు వచ్చేసరికి తూర్పు దిక్కు ఆకాశమంతా ఎర్రగా ఉండె. మండుతున్న పత్తి బేళ్లు గాలిలో ఎగిరి చాలా దూరం పడ్డాయి. ఒక బంగారు కడ్డీ ఎగిరొచ్చి పైకప్పు చీల్చుకొని ఒక పార్సీ పెద్దాయన ఇంట్లో పడితే, ఆయన దాన్ని తీసుకుపోయి అప్పజెప్పాడు. చచ్చిపోయినవాళ్ల లెక్క ఎనిమిది వందల నుంచి పదమూడు వందల దాకా రకరకాలుగా చెప్తారు. ఎనభై వేల మంది ఇల్లు లేనివాళ్లయ్యారు. మంటలార్ప వచ్చినవాళ్లలో 66 మంది పోయారు. భాయఖలాలో వాళ్ల గుర్తుగా కట్టిన స్మారకం ఉంది. నేను పోయి దండం పెట్టుకొని వస్తాను, అంతే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ తర్వాతి ముచ్చట. నగరం సగం కాలిపోతుంటే, ఈ వార్త బయటికి పంపడానికి విలేకరులకు సెన్సారు వాళ్లు మే నెల రెండో వారం దాకా అనుమతి ఇవ్వలేదు. జపాన్ చేతిలో ఉన్న సైగాన్ రేడియో మాత్రం మర్నాడే మొత్తం చెప్పేసింది. మన నెత్తి మీద ఏం పేలిందో మన సర్కారుకన్నా ముందు శత్రువు రేడియో చెప్పిందన్నమాట.

ఆ రోజుల్లో ఇంగ్లండు, అమెరికా గోడల నిండా ఒక రకం పోస్టర్లు ఉండేవి. అజాగ్రత్తగా మాట్లాడితే ప్రాణాలు పోతయి, నోరు జారితే ఓడ మునుగుతది అని. మన దగ్గర కూడా సర్కారు 1942లో నేషనల్ వార్ ఫ్రంట్ అని ఒకటి మొదలుపెట్టింది. దాని పనే జనానికి ధైర్యం చెప్పడం, పుకార్లు నమ్మొద్దని ప్రచారం చేయడం. మంచి మాటే, ఎవరు కాదంటారు? అయితే ఫోర్ట్ స్టికైన్ ఎవరో నోరు జారినందుకు మునగలేదు. మందుగుండు మోసే ఓడ మీద ఎగరాల్సిన ఎర్ర జెండా ఆ రోజు ఆ ఓడ మీద ఎగరలేదు. పక్కనున్న ఓడలవాళ్లకు దాని కడుపులో ఏముందో తెలియనే తెలియదు. తెలిస్తే తమ ఓడలను దూరం జరుపుకునేవాళ్లు. ఎవరి ప్రాణాలు ఎదురుగా ఉన్నాయో వాళ్లకే చెప్పలేదు.

భాయఖలా నుంచి వెనక్కి వచ్చేటప్పుడు నేను గల్లీలు ఒక్కొక్కటి చూసుకుంటూ వస్తాను. బయటివాళ్లకు కామాఠీపుర అంటే ఒకటే గుర్తొస్తది. మన పిల్లలకు సంబంధాలు చూసేటప్పుడు అడ్రసు చెప్తే అవతలివాళ్లు ముఖం తిప్పుకోవడం మనకు అలవాటే. కామాఠీ అంటే కష్టం చేసుకొని బతికేటోడు. 1780ల్లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి బురద నేల ఆరిన తర్వాత నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. ఊరి పేరు వాళ్ల చెమట నుంచి వచ్చింది. మిగతా పేరు తర్వాత తగిలించారు.

అందులో పోస్టర్ల పాత్ర కూడా ఉంది. పోయిన యుద్ధంలో, అంటే 1939 నుంచి 1945 దాకా, సిపాయిలకు సుఖరోగాలు అంటకుండా గోరా సర్కార్లు పోస్టర్లు వేయించాయి. నవ్వే ఆడపిల్ల ముఖం, కింద హెచ్చరిక. ఆ బొమ్మల్లో హిట్లర్ ఎంత శత్రువో ఆ పిల్ల కూడా అంత శత్రువు. ఆ పిల్ల దగ్గరికి డబ్బులు పట్టుకొని వచ్చేటోడి బొమ్మను మాత్రం అంత భయంకరంగా ఎవరూ గీయలేదు. యాభై ఏండ్ల తర్వాత, 1990లలో, ఎయిడ్స్ పోస్టర్లు మా గల్లీలకు వచ్చినప్పుడు మళ్లీ అదే చూసినాను. పుర్రె బొమ్మ, పక్కన ఆడమనిషి నీడ. మా కింది అంతస్తులో మహబూబ్‌నగర్ నుంచి చిన్నప్పుడే తెచ్చి అమ్మిన ఒక అక్క ఉండేది. ఆ పోస్టరు దగ్గర నిలబడి, "తమ్మీ, దీని మీద ఏం రాసిండ్రు?" అని అడిగింది. చదివి చెప్పిన. "రోగం నాకు ఎవడు తెచ్చిండో అది కూడా రాసిండ్రా?" అన్నది. రాయలేదు. తర్వాత సంవత్సరాల్లో గల్లీల్లో తిరిగి, వాళ్లతో కూర్చొని, వాళ్ల చేతనే మాట్లాడించిన సంస్థలు వచ్చాయి. ఆ పనితో మేలు జరిగింది. పుర్రె బొమ్మతో జరిగిన మేలు నేను చూడలేదు.

పోస్టరు సంగతి ఇంకా వెనక్కి పోతుంది. మా మనుమడు ఫోన్‌లో ఒకటి చూపించాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నదట. ఈ వర్దీ, ఈ తుపాకి, ఈ రూపాయలు ఎవరు తీసుకుంటరు? ఫౌజులో చేరేటోడు. అంతే ముచ్చట. దేశం అనలేదు, ధర్మం అనలేదు. నాకు ఆ పోస్టరు మీద కోపం రాలేదు. ఆకలి మీద ఉన్నోడికి ఏం చూపించాలో దానికి తెలుసు, దాచుకోలేదు.

మన మిల్లులకు కూడా ఆ యుద్ధం ఒకటి ఇచ్చింది. దీపావళికి మనం తీసుకున్న బోనస్ ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. 1917లో, యుద్ధం వల్ల మిల్లులకు లాభాలు పొంగి, సరుకుల ధరలు మండుతున్నప్పుడు, కొన్ని బట్టల మిల్లులు జీతం మీద పదోవంతు కలిపి ఇచ్చాయి. దాని పేరే యుద్ధ బోనస్. ఎవరి దయా కాదు, ఇవ్వకపోతే సాంచాలు నడవవు. అది చాలక 1919 జనవరిలో లక్షకు పైగా కార్మికులు ముంబైలో పని ఆపేశారు. రేషన్ కార్డు కూడా యుద్ధం బిడ్డే. ముంబైలో రేషన్ మొదలైంది 1943 మే 2న. ఇవాళ్టికీ మనం ఆ కార్డు పట్టుకొని వరుసలో నిలబడుతున్నాం.

గోడ మీద ఏం రాసినా మిల్లు మనుషులు తల ఊపి ఊరుకోలేదు, అది కూడా చెప్పాలి. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. ఎవరినీ అడగకుండా హిందుస్తాన్ కూడా యుద్ధంలో ఉన్నదని వైస్రాయి ప్రకటించాడు. అక్టోబరు 2న ముంబైలో 90,000 మంది కార్మికులు ఒక్కరోజు సమ్మె చేశారు. జీతం కోసం కాదు, ఈ యుద్ధం మాది కాదు అని చెప్పడానికి. నాయిన అప్పుడు పదిహేడేండ్ల బదిలీ. "ఆ రోజు గేటు కాడికి పోయిన, పనికి కాదు, చూడనీకి" అనేటోడు. ఆయనకు కార్మిక సంఘాల రాజకీయం పెద్దగా తెలియదు. ఆ రోజు సంగతి మాత్రం చచ్చేదాకా చెప్పిండు.

నేను నా కండ్లతో చూసిన యుద్ధం 1971. పదమూడేండ్లవాణ్ణి. డిసెంబరు 3 నుంచి 16 దాకా చీకటి పడితే దీపం బయటికి కనపడొద్దు. మా ఖోలీకి ఒకటే కిటికీ. దానికి కిరాణా కొట్టు ఖాకీ కాగితం అంటించినం, అన్నం గంజితో. రాత్రి వాలంటీర్లు గల్లీలో తిరుగుకుంట "బత్తీ బంద్ కరో" అని అరిచేటోళ్లు. మొదటి రోజు సైరన్ మోగంగనే మా నాయినమ్మ మిల్లు భోంగా అనుకొని డబ్బా కట్టడానికి లేచింది. ఆ చీకట్లో కామాఠీపుర ఎట్లుండేదో చెప్తే నమ్మరు. ఎప్పుడూ నిద్రపోని గల్లీలు, ఒక్క దీపం లేకుండా, ఒక్క గిరాకీ లేకుండా ఉండె. మేడ మెట్ల మీద మా ఇంటి ఆడోళ్లు, ఆ పక్క మేడ ఆడోళ్లు ఒకే చోట కూర్చొని ఆకాశం దిక్కు చూసేటోళ్లు. వెలుగులో పలకరించుకోనోళ్లు చీకట్లో మాట్లాడుకున్నరు. ఊరికి జాబు రాస్తే కవరు మీద అయిదు పైసల స్టాంపు ఇంకొకటి అంటించాలె, తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం. నడిచిపోతున్న కుటుంబం బొమ్మ ఉండేది దాని మీద. నేను చూసిన యుద్ధం బొమ్మల్లో నాకు నచ్చింది అదొక్కటే. ఎవరినీ తిట్టదు, ఎవరినీ భయపెట్టదు, అయిదు పైసలు అడుగుతది.

యుద్ధం అయిపోయింది గానీ యుద్ధం భాష అయిపోలేదు. 1976లో నేను బదిలీగా చేరినప్పుడు ఎమర్జెన్సీ. మిల్లు గేటు గోడ మీద పెద్ద అక్షరాలు: మాట తక్కువ, పని ఎక్కువ. బయట శత్రువు లేడు, ఫౌజు కదలలేదు. మరి ఎవరితో యుద్ధం? ఆ పోస్టరు చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1975 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి కనీస బోనస్‌ను 8.33 శాతం నుంచి 4 శాతానికి దించారు. సగానికి సగం. 1917లో ఒక యుద్ధం ఇచ్చినదాన్ని, లేని యుద్ధం పేరు చెప్పి కోసేశారు. మాట తక్కువ అని ఎందుకు రాసినట్టో అప్పుడు నాకు అర్థమైంది. జాబరు ఒకాయన, పద్మశాలోడే, కరీంనగర్ వైపు మనిషి, ఆ గోడ దిక్కు చూసి మెల్లగా అన్నడు: "పని ఎక్కువ మనకు రాసిండ్రు. పైసలు తక్కువ అన్నది రాయనీకి గోడ సరిపోలేదు." నవ్వినం, గట్టిగా కాదు.

ఇప్పుడు గోడలు తక్కువైనయి. చాళ్లు పోయి టవర్లు వస్తున్నయి. వర్లీ బీడీడీలో మొదటి టవర్ల తాళం చెవులు 2025 ఆగస్టులో ఇచ్చారు. మా కామాఠీపురకు కూడా మ్హాడా కొత్త ఇండ్లు కడతదని బోర్డులు వేలాడుతున్నయి. పోస్టరు ఇప్పుడు జేబులో ఉంటది. మా బిడ్డ అత్తగారిది వర్లీ. వాళ్ల మండల్ గ్రూపులో నన్ను కూడా వేసిండ్రు. 2025 మే నెలలో పెహల్గాం హత్యల తర్వాత ఆపరేషన్ సిందూర్ జరిగింది. మే 7న ముంబైలో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేసిండ్రు. యాభై నాలుగేండ్ల తర్వాత ఆ కూత విన్న. మనుమరాలు భయపడి దగ్గరికొచ్చింది. మర్నాడు రాత్రి కొన్ని టీవీ చానళ్లు కరాచీ ఓడరేవు ధ్వంసమైందని చెప్పినయి. ఫోన్ నిండా పేలుళ్ల వీడియోలు. తెల్లారేసరికి అది అబద్ధమని తేలింది. ఆ వీడియోల్లో కొన్ని పిల్లలాడే ఆటలోవి. మనుమడు చూపించి, "తాతా, ఇది నేను ఆడే గేమే" అన్నడు.

గ్రూపులో ఒక పిలగాడు, నా కొడుకు ఈడు, మంచోడే, ఆ కరాచీ వీడియో పెట్టిండు. నేను డాక్ కథ రాసిన. కరాచీలో పత్తి ఎక్కించుకొని వచ్చిన ఓడ మన నెత్తి మీద పేలింది బిడ్డా, ఓడరేవు కాలితే ముందు కాలేది హమాలీలు, మంటలార్పేటోళ్లు అని. "కాకా, మీరు ఎవరి దిక్కు?" అని అడిగిండు. నేను హమాలీ దిక్కు అని రాసిన. మన జవాన్లు చచ్చిపోతే నా కడుపు కూడా మండుతది. మన ఊర్ల నుంచి ఫౌజుకు పోయేది కూడా మనసుంటోళ్ల పిల్లలే. అందుకే జవాను ఫొటో పక్కన ఇంకొకరి ఫొటో పెద్దగా కనపడితే నాకు నచ్చదు. ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. పార్టీలు ఫౌజువాళ్ల ఫొటోలను ప్రచారానికి వాడొద్దని ఎలక్షన్ కమిషన్ 2013లో చెప్పింది. బాలాకోట్ తర్వాత గోడల మీద పైలట్ బొమ్మలు లేస్తే 2019 మార్చిలో మళ్లీ చెప్పింది.

అదే వారంలో తెలుగులో ఇంకొక మెసేజి వచ్చింది. హైదరాబాదు నిజాం 1965లో దేశ రక్షణ కోసం అయిదు టన్నుల బంగారం ఊరికే ఇచ్చేసిండని. ఈ కథ ఏండ్ల తరబడి తిరుగుతున్నది. సమాచార హక్కు కింద ఒక పత్రిక అడిగితే అసలు లెక్క బయటికొచ్చింది. ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ నేషనల్ డిఫెన్స్ గోల్డ్ స్కీములో, ఆరున్నర శాతం వడ్డీకి. వడ్డీకి పెట్టడం తప్పేమీ కాదు. సర్కారే అడిగింది, ఆయన పెట్టిండు. కాకపోతే దానం వేరు, డిపాజిట్ వేరు.

దానం చేసినోళ్ల సంగతి ఏ మెసేజిలోనూ రాదు. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు నాకు నాలుగేండ్లు. రక్షణ నిధికి బంగారం ఇవ్వండని మా గల్లీ మొదట్లో బల్ల వేసి కూర్చున్నరట. మా అమ్మకు ఒంటి మీద ఉన్న బంగారం ఒక ముక్కుపుల్ల. తీసి ఇచ్చింది. నాయిన మిల్లు నుంచి వచ్చి ముక్కు బోసిగా ఉన్నదేందని అడిగితే, "దేశానికి ఇచ్చిన" అన్నదట. ఆయన ఏమీ అనలేదు, నీళ్లు తాగి పండుకున్నడు. తర్వాత మళ్లీ కొనలేదు, వేపపుల్ల పెట్టుకునేది. రసీదు ఇచ్చిండ్రు. అమ్మ దాన్ని మడిచి రేకు పెట్టెలో పెళ్లి చీర కింద దాచింది. 2005 జులై 26 వానకు గల్లీ నీళ్లు ఖోలీలోకి వచ్చినప్పుడు ఆ పెట్టె మునిగింది. నీళ్లు తీసినాక రసీదును పొయ్యి పక్కన ఆరబెట్టినం. సర్కారు అచ్చు వేయించిన అక్షరాలు అట్లనే ఉన్నయి. అమ్మ పేరు, బంగారం తూకం రాసిన చోట సిరా కరిగి నీలి మరక మిగిలింది.